శ్రీహరికోట - ‘నిర్జనద్వీప’ భావన: జనరంజక విజ్ఞానరచనపై ఒక పరిశీలన

చరిత్రను, ప్రకృతిశాస్త్రాలను తెలుగులో సామాన్య పాఠకులకు అందించాలన్న సంకల్పంతో 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. చరిత్ర, జీవితచరిత్ర, శాస్త్రవిషయాలు ఒకే గ్రంథమాలలో వెలువడటం కొమర్రాజు లక్ష్మణరావు దృష్టి విస్తృతికి నిదర్శనం. నెల్లూరు తీరాన్ని గురించిన జనరంజక రచనల్లో ఈ సమన్వయం లోపించింది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోటను గురించిన రచనలే ఇందుకు ఉదాహరణ.

ఈ దీవిని రాకెట్ ప్రయోగాలకు ఎంచుకోవడానికి గల భౌతికకారణాలను ఆ రచనలు సరిగానే వివరిస్తాయి. తూర్పుదిశగా ప్రయోగించిన రాకెట్టుకు భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ముందుగానే సమకూరుతుంది. ప్రయోగం విఫలమైతే శకలాలు బంగాళాఖాతంలో పడతాయి. వీటితోపాటు తరచుగా చెప్పే ‘నిర్జనద్వీపం’ అన్న కారణమే విమర్శకు గురికావలసినది. ఆ దీవి యానాదుల నివాసభూమి. 1969లో స్థలం ఎంపికైంది. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. కేంద్రం కోసం యానాది కుటుంబాలను అక్కడినుంచి తరలించారు. ‘జనసాంద్రత తక్కువ’ అన్న సాంకేతిక అర్హత ‘జనం లేరు’ అన్న చారిత్రక నిర్ణయంగా మారినప్పుడు, తరలింపు అన్న ఘటనే కథనంలో కనిపించకుండా పోతుంది.

మానవశాస్త్ర రచనల పరిమితి వేరు. 1909లో వెలువడిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో థర్‌స్టన్ యానాదులను విస్తారంగా వర్ణించాడు. అయితే వారి అటవీపరిజ్ఞానం అక్కడ ఆచారంగానే నమోదైంది. జ్ఞానంగా గుర్తింపు పొందలేదు.

ఈ విభజన ఎంత కృత్రిమమో చిరివేరు నిరూపిస్తుంది. యానాదులు సేకరించిన అటవీవస్తువుల్లో ఇదొకటి. పటికతో సిద్ధం చేసిన నూలుబట్టకు ఈ వేరు ఎరుపు పట్టిస్తుంది. పటికలోని అల్యూమినియం వేరులోని రంగుద్రవ్యాన్ని నూలుపోగుకు బంధించడమే ఆ రంగు ఉతికినా వెలియకపోవడానికి కారణం. 17వ శతాబ్దంలో పులికాట్ నుంచి డచ్చివారు ఎగుమతి చేసిన అద్దకపు బట్టల వర్తకానికి ఈ తీరపు చిరివేరు ఆధారాల్లో ఒకటి. వాణిజ్యచరిత్ర, సేకరించేవారి జీవనసంస్కృతి, రసాయనశాస్త్రం ఈ ఒక్క వేరులో కలుస్తున్నాయి.

విజ్ఞానరచన విస్మరించిన ఈ సమన్వయాన్ని కొంతమేరకు కథాసాహిత్యం సాధించింది. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు పరిసర జీవితాన్ని అక్కడి మాండలికంలోనే చిత్రించాయి. ఆ మాండలికపదాలు శైలికి అలంకారాలు మాత్రమే కావు; పరిసరజ్ఞానానికి ఆధారాలు కూడా.

శ్రీహరికోట అంతరిక్షవిజయాలను తక్కువ చేయడం ఈ విమర్శ లక్ష్యం కాదు. ‘ఈ స్థలం ఎందుకు అనువైనది?’ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే రచన, ‘ఇక్కడ ఎవరుండేవారు, వారికి ఏమి తెలుసు?’ అన్న ప్రశ్నను కూడా స్వీకరించాలి. అప్పుడే పాఠకుని జిజ్ఞాసకు పూర్తి న్యాయం జరుగుతుంది.