కీ ఇవ్వలేదా?

నా మొదటి కథలో నాన్న పోయిన నిమిషానికే ఆయన చేతి గడియారం ఆగిపోతుంది. రాసిన రోజు ఆ వాక్యం చూసుకుని తెగ మురిసిపోయాను. ఇంటి పెద్ద పోయాడనీ, ఇంట్లో కాలం నిలిచిపోయిందనీ ఒక్క దెబ్బకు రెండూ చెప్పేశానని సంబరం. నెల తిరక్కుండా కథ వెనక్కొచ్చింది. ఆ వాక్యం పక్కన సంపాదకులు పెన్సిల్‌తో రెండే మాటలు రాశారు: ‘కీ ఇవ్వలేదా?’

చాలా ఏళ్లు ఆయన మీద కోపంగానే ఉంది. అది చల్లారింది హెమింగ్వే మిడతను చూశాకే.

1925లో వచ్చిన ‘ఇన్ అవర్ టైమ్’ సంపుటిలో చివరి కథ ‘బిగ్ టూ హార్టెడ్ రివర్’. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. నిక్ అనే కుర్రాడు మిషిగన్‌లో సేనీ అనే చోట రైలు దిగుతాడు. ఊరు లేదు, కాలిపోయింది. మూట వీపున వేసుకుని నడుస్తాడు, డేరా వేసుకుంటాడు, డబ్బాలో తెచ్చుకున్నది వేడి చేసుకుని తింటాడు, పొద్దున్నే లేచి ట్రౌట్ చేపలు పడతాడు. అంతే. యుద్ధం అన్న మాటే రాదు. ఇది యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాడి కథ అని చాలా కాలం తర్వాత హెమింగ్వేయే చెప్పుకున్నాడు.

నడుస్తూ నడుస్తూ నిక్ సిగరెట్ తాగడానికి కూర్చుంటాడు. ఒక మిడత అతని మేజోడు మీదికి పాకుతుంది. అది నల్లగా ఉంటుంది. దారి పొడవునా లేచినవన్నీ అలాంటివేనని అప్పుడు గమనిస్తాడు. కాలిన నేల మీద బతికి బతికి ఆ రంగుకు వచ్చాయి. దాన్ని రెక్కలు పట్టుకుని తిప్పి, పొట్ట కింద కూడా చూస్తాడు. అక్కడా నలుపే. ఎన్నాళ్లు ఇలా ఉంటాయో అనుకుని గాల్లోకి వదిలేస్తాడు. ‘నిక్ కూడా ఆ మిడతలాగే’ అన్న వాక్యం కోసం నేను పేజీ తిప్పి వెతికాను. లేదు.

అసలు సంగతి మరునాటి పొద్దున ఉంది. ఎర కోసం నిక్ మళ్లీ మిడతలే పడతాడు. మంచుకు తడిసి, ఎండ తగిలేదాకా ఎగరలేక దుంగ కింద నక్కినవాటిని ఏరి సీసాలో వేసుకుని, చెక్క పుల్లతో మూతి బిగిస్తాడు. అవి నల్లవి కావు, మామూలు గోధుమ రంగువి. నేనైతే వాటినీ నల్లగానే చేసి ఉండేవాణ్ని. దొరికిన ప్రతీకను అంత త్వరగా వదులుకోబుద్ధి కాదు కదా.

1918 జులై 8న ఇటలీలో, పియావే నది పక్క ఫొసాల్టా దగ్గర, రెడ్‌క్రాస్ తరఫున సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచడానికి వెళ్లిన హెమింగ్వే పక్కన మోర్టార్ గుండు పేలింది. పంతొమ్మిదేళ్లు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. కాళ్లలో రెండు వందలకు పైగా ఇనుప ముక్కలు దిగాయి. మరుసటి ఏడాది ఇద్దరు స్నేహితులతో కలిసి సేనీకి చేపలు పట్టడానికి వెళ్లాడు. కథలో ఆ స్నేహితులు లేరు. వాళ్లు గాలం వేసింది ఫాక్స్ నదిలో. టూ హార్టెడ్ అదే ప్రాంతంలో ఇంకో నది. పేరు బాగుందని తెచ్చి తగిలించాడు. అంటే అనుభవం దగ్గర మరీ నిజాయతీపరుడేం కాదు. మనుషులను తీసేశాడు, నదిని మార్చాడు. మిడతను గాలానికి ఎలా గుచ్చాలన్న దగ్గర మాత్రం అబద్ధమాడలేదు.

మొదటి ప్రతిలో ఈ కథ చివర నిక్ రచన గురించీ రచయితల గురించీ చాలాసేపు ఆలోచిస్తాడు. అచ్చుకు ముందే దాన్ని కోసేశాడు. ఆ ముక్క హెమింగ్వే పోయాక 1972లో బయటికొచ్చింది. చదివాను. కోసేసి మంచి పని చేశాడు.

‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ సంగతి వేరు. 1952 సెప్టెంబర్‌లో లైఫ్ పత్రిక ఆ నవలికను ఒకే సంచికలో వేస్తే రెండు రోజుల్లో యాభై లక్షల ప్రతులు చెల్లాయి. ముసలాయన క్రీస్తా, సొరచేపలు విమర్శకులా అన్న చర్చ వెంటనే మొదలైంది. ఇందులో ప్రతీకలేం లేవు, సముద్రం సముద్రమే, ముసలాడు ముసలాడే అని బెర్నార్డ్ బెరెన్సన్‌కు రాసిన ఉత్తరంలో హెమింగ్వే కొట్టిపారేశాడు. నేను నమ్మను. అరచేతిలో మేకు దిగినవాడి నోట వచ్చే చప్పుడు ముసలాయన చేత చేయించి, తెరచాప కొయ్యను భుజాన వేసి గట్టు ఎక్కించి, చేతులు చాచి బోర్లా పడుకోబెట్టినవాడికి తానేం చేస్తున్నాడో తెలియదా? నిజం చెప్పాలంటే, ఆ శిలువ నాకు కాస్త ఎక్కువే అనిపిస్తుంది. అయినా చెల్లింది. చేపా సొరచేపలూ శిలువ కోసం పుట్టినవి కావు మరి. ఒంటరిగా పెద్ద మార్లిన్‌ను పట్టి, దాన్ని సొరచేపలకు పోగొట్టుకున్న క్యూబా ముసలాయన ముచ్చట హెమింగ్వే 1936లోనే ఎస్క్వైర్ పత్రికలో రాశాడు. తర్వాత పదహారేళ్లు అది ఆయనతోనే ఉంది. పిలార్ అనే సొంత పడవలో అదే సముద్రం మీద తిరిగినవాడికి, తాడు ఒరుసుకుని చెయ్యి ఎలా తెగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక నా గడియారం. నాన్న పోయాక అది ఆగలేదు. హెచ్ఎంటీ వాచీ, కిటికీ గూట్లో ఉండేది. పదకొండో రోజు దాకా అమ్మ పొద్దున్నే దాన్ని తీసి, కొంగుతో అద్దం తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని విని, కీ ఇచ్చి మళ్లీ అక్కడే పెట్టేది. ఆ రోజుల్లో దాంట్లో టైము ఎవరూ చూడలేదు. కథ రాసేటప్పుడు ఇదంతా నాకు తెలుసు. మరీ మామూలుగా ఉందని వదిలేశాను.

పోయిన ఆదివారం ఆ పాత కాగితాలు తీసి, ఆగిన గడియారాన్ని కొట్టేశాను. అమ్మను రాశాను. కీ ఎన్ని చుట్లు తిప్పేదో గుర్తు రావడం లేదు. రాత్రికి ఫోన్ చేసి అడగాలి.