మూకచిత్రములలో ముఖమును వేషమును

వాక్కు లేని చిత్రమున కథాభారమెల్ల నటుల ముఖములే మోయవలసియుండును గదా. ఆ భారమును లిలియన్ గిష్ మోసినట్లు మఱియొకరు మోయగా నేను చూడలేదు. 1919లో అమెరికా దర్శకుడు గ్రిఫిత్ తీసిన ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ చిత్రమున ఆమె లండను లైమ్‌హౌస్ పేటలో ముష్టియోధుడైన తండ్రిచేత దెబ్బలు తినుచు బ్రదుకు లూసీ యను బాలిక. నవ్వుమని తండ్రి గద్దించినప్పుడు, నవ్వు మఱచిన పెదవుల కొనలను రెండు వ్రేళ్ళతో పైకెత్తి నవ్వు తెచ్చిపెట్టుకొనును. తుదకు ఆ తండ్రి గొడ్డలితో తలుపు పగులగొట్టుచుండగా, కాలు చాపుటకైనను చోటు లేని చిన్న గదిలో ఆమె గిరగిర తిరుగును. ఎటు మరలినను గోడయే. నోరు తెఱచి అఱచుచున్నదే గాని ఆ అఱపు మనకు వినబడదు. ఎన్నిమారులు చూచినను ఆ ఘట్టమున నాకు ఊపిరాడదు.

ఆ బాలికను ఆదరించువాడు చెంగ్ హువాన్ అను చీనా వర్తకుడు. బుద్ధుని శాంతిధర్మమును పాశ్చాత్యులకు బోధింపవలెనని స్వదేశము విడిచివచ్చి, నల్లమందు పొగలో ఆశలను పోగొట్టుకొన్న ఈ సాధుపురుషుని పాత్రను ధరించినవాడు రిచర్డ్ బార్తెల్మెస్ అను తెల్లజాతి అమెరికనుడు. సగము మూసిన ఱెప్పలు, వంచిన భుజములు, ఒక ప్రక్కకు వాలిన తల, ఇవియే అతడు ఎఱిగిన చీనాతనము. పాత్రకు పేరున్నను చిత్రము అతనిని పసుపువన్నె మనిషి యనియే పరిచయము చేయును. ఒక రాత్రి అతడు లూసీ మీదికి వంగును. కోరికతో నిండిన ఆ ముఖము తెరయంతయు ఆక్రమించును. మఱుక్షణమున వెనుకకు తగ్గి ఆమె చేతి అంగీ అంచును మాత్రము ముద్దుపెట్టుకొనును. చీనా శ్రామికులు దేశమున అడుగుపెట్టరాదని 1882లో చేసిన శాసనము అమలులోనున్న ఆనాటి అమెరికాలో, చీనావాడు పూజింపవచ్చును గాని కోరరాదు. గ్రిఫిత్ కరుణ నిజమైనదే. ఆ కరుణకు గీచిన గిరియు అంతే నిజమైనది.

ఈ దర్శకుడే 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చిత్రమున తెల్లవారి ముఖములకు నల్లరంగు పూసి, నీగ్రోలను కాముకులుగను, నల్లవారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ ముఠాను రక్షకులుగను చూపెను. గుఱ్ఱముల పరుగును ఆపన్నుల ముఖములను మార్చిమార్చి కూర్చి, చూచువాని గుండె వేగమును పెంచిన ఆ నేర్పే, నశించిన క్లాన్ అదే యేట మరల తలయెత్తుటకు ఊపిరి పోసినది. లూసీ కొఱకు మనచేత కంటనీరు పెట్టించినది గూడ ఆ నేర్పే. అందుచేతనే కళాకౌశలమును ఒకచోట మెచ్చి, జాతిదూషణమును వేఱొకచోట నిందించి చేతులు కడుగుకొనుట నాకు సమ్మతము గాదు.

1922లో వచ్చిన ‘ది టోల్ ఆఫ్ ది సీ’ చూచినవారికి ఈ వేషములెంత అనావశ్యకములో తెలియును. లాస్ ఏంజెలెస్‌లో చీనా కుటుంబమున పుట్టి, అప్పటికి పదునేడేండ్లు మాత్రమే నిండిన అనా మే వాంగ్ అందు నాయిక. తన కన్నకొడుకును అమెరికా స్త్రీకి అప్పగించుచు, ఆమెయే నీ తల్లి, నేను దాదిని మాత్రమే యని బిడ్డకు చెప్పునప్పుడు ఆ కన్నులలో నీరు నిండు తీరున కృత్రిమత లేశమైనను లేదు. కథ ఆమెను కడలిపాలు చేసినది, అది ఆనాటి కథల కట్టుబాటు. ముఖము మాత్రము ఆ కట్టుబాటునకు లొంగలేదు. ఇట్టి నటి కండ్లయెదుట నుండగనే, 1937లో ‘ది గుడ్ ఎర్త్’ చిత్రమున చీనా రైతు భార్య ఓలాన్ పాత్రను జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌కు ఇచ్చిరి. ఉత్తమనటిగ అకాడమీ బహుమానమును ఆ పాత్రకే ఇచ్చిరి.