తాలు ఏరే చేతులు

మాఘం దాటాక గురజాల నుంచి రెంటచింతల మీదుగా మాచర్ల వెళ్తుంటే దారి పొడవునా మిర్చి కల్లాలే. సాగర్ కుడికాలువ నీళ్లు రాకముందు ఇదంతా వాన మీద ఆధారపడ్డ మెట్ట. ఇక్కడ పంటకో మాట ఉంది. మిరపకు కోత, పత్తికి తీత, వేరుశనగకు పీకడం. కల్లంలో కూర్చుని చేసే పనిని మాత్రం ఏరడం అంటారు. పోగెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. ఏది ఉంచాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చుకుంటూ పోగెయ్యడమే ఏరడం.

కోసుకొచ్చిన పండుకాయను ముందు ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచుతారు. రంగు పూర్తిగా తిరగని కాయ అందులోనే పండుతుంది. ఆపైన ఎండకు పలచగా పరుస్తారు. పొద్దువాలితే మళ్లీ కుప్పచేసి పట్టా కప్పాలి, లేకపోతే మంచుకు కాయ మెత్తబడి రంగు చెడుతుంది. తెల్లారితే మళ్లీ పరవాలి. చేత్తో ఆడిస్తే లోపల గింజ గలగలమనేదాకా ఇదే వరస.

అప్పుడు ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు తీస్తారు. తెల్లబారింది, మచ్చపడింది, చిట్లింది ఒక పక్కకు పోతుంది. తాలును పారెయ్యరు, గుంటూరు మిర్చి యార్డులో దానికీ ఒక ధర ఉంది. అది మంచికాయలో కలిసిందా, మొత్తం టిక్కీ (బస్తా) ధరే పడిపోతుంది.

సరిగా ఆరని కాయకు బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఎండుమిర్చిలో అది కిలోకు 10 మైక్రోగ్రాములు మించితే ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. ప్రయోగశాల పరీక్ష చివరిది. మొదటి పరీక్ష రెంటచింతల ఎండలో, ఘాటుకు తాళలేక ముక్కుకు కొంగు చుట్టుకున్న మనిషి వేళ్ల మధ్య జరిగిపోతుంది.

ఇంత చేసినా ఆ పనికి అందేది రోజుకూలే. కర్నూలు పడమటి ఊళ్ల నుంచి పిల్లలతో సహా వలసొచ్చి కోతల్లో వంగేవాళ్లదీ అంతే. క్వింటా ధర గురించి మాట్లాడేటప్పుడు విత్తనం, తెగులు, శీతల గిడ్డంగి అన్నీ లెక్కకొస్తాయి, ఏరిన నేర్పు రాదు. అది నాకు అన్యాయంగా తోస్తుంది. తాలు బాగా తీసినందుకు పెరిగిన ధరలో ఏరినవాళ్లకూ ఒక పాలు ఉండాలి. అంతదాకా రైతన్నలను అడిగేది కొంచెమే: ఏరేచోట నీడకు పందిరి వెయ్యండి, ముక్కుకు మాస్కులివ్వండి, మండే చేతులకు కొబ్బరినూనె ఉంచండి.