మొదటి తుపాకి

ఈ మధ్య ఒకే నెలలో ఇద్దరు నన్ను తుపాకి సలహా అడిగారు. నేను బతుకుతెరువుకి రాసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్. జీవితంలో పేల్చింది రీలు క్యాపుల తుపాకి ఒక్కటే, అదీ దీపావళికి.

అడిగినవాళ్లలో ఒకడు ఇంజినీరింగ్‌లో నా రూమ్మేటు. కొలరాడోలో వుంటాడు. "మామా, ఎల్క్ ట్యాగ్ తగిలింది. మజిల్‌లోడర్ సీజన్. మొదటిసారి కొంటున్నా, ఎట్లాంటిది తీసుకోమంటావు? నువ్వు వేట పుస్తకాలన్నీ నమిలేస్తావు గదా" అన్నాడు. ట్యాగ్ అంటే లాటరీలో వచ్చే వేట అనుమతి. ఎల్క్ అంటే మన కణితికి దూరపు చుట్టం, ఇంకా పెద్ద దుప్పి. మగది మూడువందల కిలోలు దాటుతుంది.

రెండో మనిషి మా నాయన. "స్టేషన్ నుంచి మళ్లా ఫోన్ చేసినారు అబ్బయ్యా. తాత తుపాకి సంగతేందో తేల్చమంటా వుండారు. నీ పేరు మీదికి మార్పిచ్చుకుంటావా, వొదిలేద్దామా?" 2024 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ జమ చెయ్యమంటే సూళ్లూరుపేట దగ్గర మా ఊరి నుంచి తీసుకెళ్లి అప్పజెప్పిన తుపాకి అది. ఎన్నికలు అయిపోయాయి. ఆ ఏడాదే తాత పోయాడు. తుపాకి అక్కడే వుండిపోయింది.

ఇద్దరూ అడిగింది ఒకే జాతి తుపాకి గురించి. గొట్టం నోట్లోంచి మందు కూరే తుపాకి. పేపర్లో భర్మారు తుపాకి అని రాస్తారు, మా ఊళ్లో నాటు తుపాకి అంటారు. నిజానికి 'నాటు' అనేది ఎవరు చేశారన్నదాన్ని బట్టి వచ్చిన పేరు, ఎట్లా కూరతారన్నదాన్ని బట్టి కాదు. తాతది లైసెన్సున్న తుపాకి. అయినా ఊళ్లో దానికి మర్యాద పెరగలేదు.

సరే, అడిగారు కదా అని నా అలమరలోని వేట పుస్తకాలు మళ్లీ తీశాను. ఈసారి పులుల కోసం కాదు. ఎవరికి మొదటి తుపాకి ఎట్లా వచ్చింది, దాని గురించి ఎట్లా రాశారు అన్నది మాత్రమే చూసుకుంటూ పోయాను. పులిని వదిలేసి చదివితే ఈ పుస్తకాల్లో ఎవరు ఎక్కడ నిలబడి రాస్తున్నారో బాగా కనపడుతుంది.

మొదట శామ్యూల్ బేకర్. 1850ల్లో వచ్చిన 'ది రైఫిల్ అండ్ ది హౌండ్ ఇన్ సిలోన్'. ఇది పట్టుకోడానికి కారణం వుంది. సిలోన్ కొండల్లో తెల్లదొరలు కణితినే 'ఎల్క్' అనేవాళ్లు. కాబట్టి నా రూమ్మేటు ప్రశ్నకి మనకి దగ్గర్లో, సముద్రం అవతల, దొరికే పాత జవాబు ఇదే. బేకర్ తుపాకుల గురించి రాసే తీరు చూస్తే ఇప్పటి ఫోన్ రివ్యూలు గుర్తొస్తాయి. ఒంటిగొట్టం నాలుగు ఔన్సుల రైఫిలు, బరువు 21 పౌండ్లు. రెండు ఔన్సులది, 16 పౌండ్లు. అవిగాక జంట గొట్టాల రైఫిళ్లు నాలుగు. అంతా ఆ కాలపు కూరే సరుకే. 21 పౌండ్లంటే తొమ్మిదిన్నర కిలోలు. అడవిలో దాన్ని మోసింది ఎవరో ఊహించుకోడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. బేకర్ వాక్యాలు కూడా ఆ బరువు మోయని మనిషి వాక్యాలే. చకచకా నడుస్తాయి, లెక్కలు చెప్తాయి, ఎక్కడా ఎగశ్వాస వుండదు.

తమాషా ఏమిటంటే ఇన్ని తుపాకులున్న మనిషి కణితిని తుపాకితో వేటాడింది తక్కువ. ఏనుగులకీ అడవిదున్నలకీ రైఫిలు. కణితికి వేటకుక్కలూ చేతిలో కత్తీ. పుస్తకం పేరులో రెండు ముక్కలు వుండటం అందుకే. ఎంచుకోడానికి ఇన్ని వున్నవాడికి ఏదీ ఎంచుకోకపోవడం కూడా ఒక సరదా. నాకు ఈ పుస్తకం నచ్చదు, అట్లాగని పక్కన పెట్టలేను. ఏనుగుల్ని లెక్కపెట్టుకుంటూ చంపే అధ్యాయాలు ఈ రోజు చదవడం కష్టం. కానీ కొండమీద తెల్లారిపూట కుక్కల అరుపు లోయలోకి దిగిపోతూ వినపడటం గురించి రాసేటప్పుడు ఈ మనిషి తుపాకి లెక్కలన్నీ మరిచిపోతాడు, అక్కడే రచయిత అవుతాడు.

తర్వాత జిమ్ కార్బెట్. మనలో చాలామంది చదివింది 'మేన్ ఈటర్స్ ఆఫ్ కుమావ్'. నేను ఇక్కడ చెప్తున్నది 'జంగిల్ లోర్' గురించి, 1953లో వచ్చింది. అందులో ఆ కుర్రాడికి మొదటి తుపాకి ఒక బంధువు ఇస్తాడు. కుమావ్ పక్షుల మీద పుస్తకం రాస్తున్న ఆయనకి పిట్టల్నీ గుడ్లనీ సేకరించి పెట్టినందుకు బహుమానం. జంట గొట్టాల కూరే తుపాకి. కుడి గొట్టం చీలిపోయింది. కట్టెనీ గొట్టాల్నీ కలిపి ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టారు. అంటే జంట గొట్టాల్లో పనికొచ్చేది ఒకటి, ఆ ఒక్కదాంట్లో వుండేది ఒక్క గుండు.

'మై ఇండియా'లో, అది 1952, ఇదే తుపాకిని ఇంకొకరి కళ్లతో చూపిస్తాడు. కాలాధుంగి ప్రాంతంలో దొంగవేటలో చేయి తిరిగిన కున్వర్ సింగ్ దాన్ని చూసి, ఇంక నువ్వు పిల్లాడివి కాదు, ఈ తుపాకితో అడవిలో ఎక్కడికైనా భయం లేకుండా పోవచ్చు, కాకపోతే చెట్లెక్కడం నేర్చుకోవాలి అన్న అర్థంలో చెప్తాడు. నేను చదివిన తుపాకి సలహాలన్నిట్లో నిజాయితీ వున్న సలహా ఇదే. ఒక్క గుండు పోయాక నీ చేతిలో వుండేది కర్ర. మళ్లీ కూరేదాకా ఎదుటి జంతువు ఆగదు. కాబట్టి తుపాకి కన్నా ముందు చెట్టు ఎంచుకో.

కూరడం ఎంత పనో తెలిస్తే ఈ మాట విలువ తెలుస్తుంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు కొలిచి గొట్టంలో పొయ్యాలి. పైన కొబ్బరిపీచో కాగితమో పెట్టి కడ్డీతో దట్టించాలి. తర్వాత రవ్వలో గుండో, మళ్లీ పీచు, మళ్లీ కడ్డీ. అప్పుడు వెనకవైపు చిన్న గొట్టం మీద రాగి టోపీ తొడగాలి. గుర్రం ఎత్తిపెట్టి మీట నొక్కితే పేలొచ్చు. తేమ తగిలితే పేలకపోవచ్చు. మా సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలోనే నీరు కారుతుంది, నల్లమందు సంగతి చెప్పక్కర్లేదు.

కార్బెట్ మంచి తుపాకులు తర్వాత చాలా పట్టాడు. కానీ ఆయన గద్యానికున్న ఓపిక, అడుగుజాడ దగ్గర ఆగి అది ఎప్పటిదో తేల్చుకునేదాకా కదలకపోవడం, కోతి అరుపుకీ లంగూరు అరుపుకీ తేడా చెప్పడం, ఇదంతా ఆ ఇత్తడి తీగ తుపాకి రోజుల్లో మొదలైందని నా నమ్మకం. రెండో గుండు లేనివాడు మొదటిది పేల్చేముందు అడవినంతా చదువుకోవాలి.

ఇక్కడిదాకా రాసి, బాగుంది అనుకుని, ఆపేద్దామనుకున్నాను. కానీ 'మేన్ ఈటర్స్' ముందుమాట అడ్డం పడింది. పులి మనుషుల మీద ఎందుకు పడుతుందో చెప్తూ, అజాగ్రత్తగా కాల్చి, గాయపడ్డదాన్ని వెతికి పట్టుకోకుండా వదిలెయ్యడం ఒక కారణమంటాడు. ముళ్లపంది ముళ్లు ఇంకో కారణం. ముళ్లపందిని వదిలేద్దాం. ఆ అజాగ్రత్తగా కాల్చినవాడు ఎవడు? అన్నిసార్లూ పల్లెటూరివాడే అని చెప్పలేం, దొరల గుండ్లూ తప్పేవి. కానీ ఒక గుండు తుపాకితో, చీకట్లో, చేను గట్టుమీద కూచున్న మనిషి తప్పకుండా వాళ్లలో వుంటాడు. గాయపడ్డ పులి వెనకాల పొదల్లోకి వెళ్లడం ధైర్యం అని ఈ పుస్తకాలన్నీ చెప్తాయి. మళ్లీ కూరడానికి నిమిషం పట్టే తుపాకితో వెళ్తే దాన్ని ధైర్యం అనరు. అట్లాంటి మనిషికి వేట సాహిత్యంలో పాత్ర వుంది, పేరు లేదు. గాయం దగ్గర వస్తాడు, కథ మొదలయ్యేసరికి పోతాడు.

కార్బెట్‌ని నేను ఇంకా ప్రేమించడానికి కారణం ఆయన ఈ గీతకి రెండువైపులా నిలబడ్డవాడు కావడం. ఒకవైపు నరభక్షకుల్ని కొట్టిన కల్నల్. ఇంకోవైపు తీగచుట్టిన తుపాకి పట్టుకుని, దొంగవేటగాడి దగ్గర పాఠం నేర్చుకున్న కుర్రాడు. కున్వర్ సింగ్‌కి ఆయన ఏకంగా ఒక అధ్యాయమే ఇచ్చాడు, పేరుతో సహా. బేకర్ పుస్తకంలో అంత చోటు తుపాకులకి దొరుకుతుంది.

తెలుగులో ఈ గీతని పట్టుకున్న రచయిత అల్లం శేషగిరిరావు. ఆయన్ని 'వేట కథల రచయిత' అని ఒక అరలో పెట్టేశాం, ఆ అర దగ్గరికి మళ్లీ వెళ్లడం తగ్గిపోయింది. 'చీకటి' కథలో బాతుల వేటకి కాపు కాసిన ఇద్దరు మనుషులు చీకట్లో మాట్లాడుకుంటారు. వేటని సరదాగా చేసే పెద్దమనిషి ఒకరు, వేట మీద బతికే డిబిరిగాడు ఇంకొకడు. కథంతా చెప్పను, చదవనివాళ్లు చదవండి. నాకు కావలసిన సంగతి ఒక్కటే. వేటలో ఎదురుచూపుని కార్బెట్ అడవి చప్పుళ్లతో నింపాడు. అల్లం డిబిరిగాడి బతుకుతో నింపాడు. అడవిని వినే చెవి మనిషిని కూడా వినగలదా అన్నదే ఆ కథ పెట్టే పరీక్ష. పులికాటు ఒడ్డున పెరిగినవాణ్ణి కాబట్టి తెల్లారకముందు బాతుల నీటి చప్పుడు నాకు తెలుసు. ఆ చప్పుడు కోసం కథ మొదలుపెట్టి, దాన్ని పూర్తిగా మరిచిపోయి ముగించాను.

ఒక్క అసంతృప్తి మాత్రం వుంది. ఇది అల్లం మీద కాదు, మనందరి మీద. డిబిరిగాడి కథ రాసినవాడు డిబిరిగాడు కాదు. నక్కలోళ్లు నెల్లూరు బస్టాండుల్లో పూసలమ్మడం అందరం చూశాం. వాళ్లకి మొదటి తుపాకి ఎట్లా వచ్చింది, తండ్రి ఇచ్చాడా, అప్పు చేసి కొన్నాడా, పేలని రోజు ఇంట్లో ఏం తిన్నారు, ఇది వాళ్లు రాసిన అధ్యాయంగా నా అలమరలో లేదు.

ఇప్పుడు రూమ్మేటు ప్రశ్న. వాడికి ఇచ్చిన జవాబు ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. కొలరాడోలో ఎల్క్‌కి .50 క్యాలిబర్‌కి తక్కువ పనికిరాదు. స్కోపు పెట్టకూడదు, మామూలు గురి కళ్లతోనే చూడాలి. బిళ్లల మందు కుదరదు, పొడిమందే పొయ్యాలి. నిడుపాటి సీసపు గుండు వాడేట్టయితే గొట్టంలో మెలిక తొందరగా తిరిగేది తీసుకో, ఉండ్రాయి లాంటి గుండుకైతే నెమ్మదిగా తిరిగేది. వంద గజాలు దాటితే కాల్చకు. కాల్చిన రోజే వేణ్ణీళ్లతో గొట్టం కడుగు, లేకపోతే తుప్పు. "ఇంత గోల ఎందుకు మామా, మామూలు రైఫిల్ సీజన్ వుందిగా" అన్నాను. "అదే గదా మజా. ఒక్క షాట్" అన్నాడు.

ఆ 'మజా' దగ్గరే నాకు వాడితో పేచీ. అమెరికా 1968 చట్టం ప్రకారం ఇట్లాంటి నల్లమందు తుపాకి చాలావరకు అసలు తుపాకి కిందికే రాదు. మన 1959 ఆయుధాల చట్టంలో కూరే తుపాకి పేరు పెట్టి మరీ వుంది, పంట కాపలా కోసం ఇచ్చే లైసెన్సు దగ్గర. అక్కడ మ్యూజియం సరుకు, ఇక్కడ వ్యవసాయ పనిముట్టు. వాడు ఒక్క గుండుని ఎంచుకున్నాడు. మా తాతకి ఎంచుకునే పని లేకుండా చట్టమే ఇచ్చింది. వాణ్ణి తప్పుపట్టడం లేదు. మూడు వారాలుగా నేను 'ఒక్క గుండు సౌందర్యం' గురించి ఫోన్లో ఊదరగొట్టి, ఇక్కడ కూడా కార్బెట్ పేరుతో అదే రాశాను కదా. ఇత్తడి తీగ తుపాకిని చూసి మురిసిపోయేది దాన్ని నమ్ముకుని చీకట్లో కూచోనవసరం లేని నాలాంటి పాఠకుడే.

నాయనకి ఫోన్ చేశాను. 1972 చట్టం, దాని మీద 1991 సవరణ తర్వాత వేటన్న మాటే లేదు కాబట్టి ఆ తుపాకితో నేను చేసేదేమీ లేదని ముందే తెలుసు. అయినా అడిగాను. తాత దాంతో ఏం కొట్టినాడు? పందినా, నక్కనా?

నాయన కాసేపు ఆలోచించాడు. "ఏమీ కొట్టినట్టు నాకు గేపకం లేదురా. శెనక్కాయ చేలో మంచె మీద కూచోని మందు మాత్రం కూరేవోడు. రవ్వలు ఏసేవోడు గాదు. రవ్వలకి దుడ్లు గావల్ల గదా. దబ్మని సప్పుడొస్తే పందులు పారిపొయ్యేయి. అంతే."

వెనకాల ఏదో గలగలమని చప్పుడైంది. ఏందని అడిగితే, షార్‌లో రాకెట్ లేసింది, కిటికీ రెక్కలు అదురుతా వుండాయి అన్నాడు. తుపాకి సంగతి ఆ తర్వాత ఎవరమూ ఎత్తలేదు. లైసెన్సు కాయితాలు బీరువాలో వున్నాయట, సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకోమన్నాడు.