లెక్కల్లో లేనోళ్ల కథ: డస్ట్ టౌన్ నుంచి పర్ణశాల దాకా

పినపాక నుంచి గోదావరి దాటి పోతే అవతల దుమ్ముగూడెం మండలం. పర్ణశాల అక్కడే ఉంది. భద్రాచలం వచ్చిన యాత్రికులు మరో 30 కిలోమీటర్ల పైచిలుకు పోయి ఆ చోటు చూసి వస్తారు. సీత చీర ఆరేసుకున్న గుర్తులని రాళ్ల మీది చారలు చూపిస్తారు. రామాయణ ఘట్టాలను బొమ్మలుగా నిలబెట్టారు. స్థల పురాణం ప్రకారం ఈ అడవిలోనే ఒక ఆడమనిషి ముక్కుచెవులు కోశారు. ఆమె తర్వాత ఎట్లా బతికింది, ఆమెది ఏ ఊరు, ఆమె గాయానికి మందు ఎవరు పెట్టారు? ఈ ప్రశ్నలు అక్కడ ఎవరూ వేయరు. కథ నడవడానికి ఆమె గాయం కావాలి. గాయం పని అయిపోయాక ఆమెతో పని లేదు.

ఒకరు రాసిన కథలో పక్కకు నెట్టేసిన పాత్రను ఇంకొకరు తీసుకొని, ఆమెకు మాట ఇచ్చి, ఆమె వైపు నుంచి కథంతా మళ్లీ రాయడాన్ని ఇవ్వాళ ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటున్నారు. అమెరికాలో 1960ల చివర ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానులు సొంతంగా అచ్చువేసుకున్న చిన్న పత్రికలతో ఇది బలపడింది. ఇప్పుడు వీడియో గేముల పాత్రల మీద కూడా వేల కథలు వస్తున్నాయి. రాసేవాళ్లకు పైసా రాదు. పాత్రల మీద హక్కు కంపెనీది.

దళిత అధ్యయనాల పత్రికలో వీడియో గేముల ముచ్చట ఎందుకని మిత్రులు అడగొచ్చు. మేమూ మొదట అట్లనే అనుకున్నాం. పినపాక చుట్టుపక్కల పిల్లల చేతుల్లోకి సెల్‌ఫోన్ వచ్చింది, దానితోపాటు గేమూ వచ్చింది. పిల్లలు ఆడే కథల్లో ఏముందో తెలియకుండా ‘పిల్లలు చెడిపోతున్నారు’ అని తేల్చేయడం టీచర్లకు సులువు. మేం ఒక గేమును, దాని మీద అభిమానులు రాసిన కథల్ని చదవడానికి కూర్చున్నాం. కూర్చున్నాక అందులో మాకు కనిపించింది కులం. చాటుమాటుగా కాదు, ఆ పేరుతోనే కనిపించింది.

కెనడాకు చెందిన బయోవేర్ కంపెనీ 2009లో విడుదల చేసిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ అనే గేము అది. ఆడే మనిషి తన పుట్టుకను ఆరింటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. అందులో ఒకటి ఓర్జమార్ అనే భూగర్భ నగరంలో పుట్టిన మరుగుజ్జు పుట్టుక. ఆ నగరంలో దొరలు, యోధులు, కమ్మరులు, చేతిపనివాళ్లు, గనిపనివాళ్లు, వ్యాపారులు, సేవకులు అని కులాలున్నాయి. వీటన్నిటికీ బయట ‘కులం లేనివాళ్లు’ ఉన్నారు. పుట్టగానే వాళ్ల ముఖం మీద ముద్ర వేస్తారు. వాళ్ల వాడ పేరు డస్ట్ టౌన్, అంటే దుమ్ముపేట. ఆయుధం పట్టే హక్కు లేదు, గౌరవమైన పని చేసే హక్కు లేదు. వంశాల చరిత్ర రాసిపెట్టే లేఖకుల దగ్గర ‘స్మృతులు’ ఉంటాయి. వాటిలో వీళ్ల పేర్లు ఉండవు. చచ్చినా రాతి తల్లి వీళ్లను కలుపుకోదని అక్కడి నమ్మకం. స్మృతులు అన్న మాట మన చెవికి ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పాల్సిన పని లేదు.

కులం లేని హీరో, తాగి పడిపోయిన ఒక యోధుడి కవచం తొడుక్కుని, ముఖం దాచుకుని పోటీ బరిలోకి దిగుతాడు. గెలుస్తాడు. ముఖం బయటపడగానే గెలుపు నేరమవుతుంది. బరి మైలపడిందని గోల లేస్తుంది. ఏకలవ్యుడి కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

మేం చదివిన అభిమానుల కథల్లో ఈ పాత్రను అర్థం చేసుకునే తీరు ప్రధానంగా మూడు రకాలుగా ఉంది.

మొదటిది ప్రతిభ దారి. ఈ రచయితలకు హీరో కులం లేనివాడు కావడం అతని గొప్పతనానికి గీటురాయి. దుమ్ముపేటలో పుట్టి కూడా లోకాన్ని కాపాడాడు చూడండి అంటారు. ఓర్జమార్‌లో ‘పారగాన్’ అనే గౌరవం ఒకటుంది. అది దక్కినవాడు సొంతంగా ఒక దొరల వంశాన్నే మొదలుపెట్టొచ్చు. ఈ కథలు హీరోను ఆ మెట్టు ఎక్కించి ముగుస్తాయి. మెట్టు ఎక్కినవాడు ఒక్కడు, మెట్లు అట్లనే ఉన్నాయి. మినహాయింపు వల్ల నియమం కూలిపోదు. ‘చూశావా, తెలివుంటే నువ్వూ ఎక్కొచ్చు’ అని నియమానికి ఇంకో సాకు దొరుకుతుంది. రిజర్వేషన్ల గురించి ప్రతిభ పేరుతో మాట్లాడేవాళ్ల గొంతు ఇక్కడ కూడా వినపడుతుంది.

రెండోది ప్రేమ దారి. హీరోకు రీకా అనే అక్క ఉంది. ఓర్జమార్‌లో కొడుక్కి తండ్రి కులం, కూతురికి తల్లి కులం వస్తాయి. అందుకని కులం లేని అందగత్తెలకు ఆటపాటలు, నాజూకు మాటలు నేర్పి దొరల దగ్గరికి పంపుతారు. మగపిల్లాడు పుడితే ఆ తల్లి దొరల ఇంట్లో చేరుతుంది. రీకా మీద ఒక నేరస్తుడు డబ్బు పెట్టి ఈ పనికి తయారుచేస్తాడు. ఆమె రాజకుమారుడు బేలెన్ దగ్గర చేరి కొడుకును కంటుంది. చాలామంది అభిమానులు దీన్ని ప్రేమకథగా రాస్తారు. బేలెన్ ఆమెను నిజంగానే ప్రేమించి ఉండొచ్చు. మా అభ్యంతరం ఆ ప్రేమ మీద కాదు. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో, కులం నిలబడేది స్వకుల వివాహం మీద, అంటే స్త్రీల మీద పెట్టిన కట్టడి మీద అని తేల్చాడు. ఓర్జమార్ నియమం పైకి దానికి తలకిందులుగా కనిపిస్తుంది, కింది స్త్రీకి పైకి పోయే తలుపు తెరిచినట్టు ఉంటుంది. కానీ ఆ తలుపు తాళం ఆమె గర్భంలోని మగబిడ్డ. ఆడపిల్ల పుడితే? తల్లిలాగే ఆ పిల్లకూ ముఖం మీద ముద్రే. ఆ ఆడపిల్ల కథే అసలు కథ అని మా అభిప్రాయం. ప్రేమ దారిలో రాసేవాళ్లకు ఆమె అక్కర్లేదు.

ఇక్కడే బేలెన్ గురించి ఇంకో మాట. అతను రాజయితే కులం లేనివాళ్లకు ఆయుధం పట్టే వీలు, కొంత స్వేచ్ఛ ఇస్తాడు. అతని ప్రత్యర్థి పెద్దమనిషి, మర్యాదస్తుడు, కులాన్ని మాత్రం ఇంకా బిగిస్తాడు. బేలెన్ సొంత అన్నను చంపించి గద్దె దాకా వచ్చినవాడు. అభిమానులు వీళ్లిద్దరి గురించి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. దుమ్ముపేట నుంచి చూస్తే ఈ వాదనలో ఒకటే లోటు: ఇద్దరిలో ఎవరు గెలవాలో తేల్చే చోట దుమ్ముపేట లేదు. పైనుంచి దిగే సంస్కరణ మంచివాడి చేతిలో ఉందా, చెడ్డవాడి చేతిలో ఉందా అన్నదే చర్చ. హరిజనోద్ధరణ నాటి నుంచి ఈ చర్చ మనం వింటూనే ఉన్నాం.

మూడోది మిగిలినోళ్ల దారి. ఆరు పుట్టుకల్లో మనం ఒకటి ఎంచుకుంటే తక్కిన ఐదుగురికీ కథలో చోటు పోతుంది. కొందరు అభిమానులు ఆరుగురినీ బతికించి, ఒక్కచోట చేర్చి రాస్తారు. ఇంకొందరు గేములోని ఎల్ఫ్ జాతి వాడకు పోతారు. ఊరి గోడ లోపలే ఇంకో గోడ కట్టి వాళ్లనందులో పెడతారు. ఆ వాడలో పెళ్లి రోజున దొర కొడుకు వచ్చి ఆడపిల్లల్ని ఎత్తుకుపోతాడు. షియాని అనే పిల్ల బలవుతుంది. గేములో ఆ ఘోరం హీరో వాడ వదిలి వీరుడు కావడానికి కారణం మాత్రమే. ఈ రచయితలు హీరోను వెళ్లిపోనిచ్చి షియానితో ఉండిపోతారు. మర్నాడు ఆమె నీళ్లకు ఎట్లా పోయింది, వాడ ఆమెను ఎట్లా చూసింది అని రాస్తారు. గాయాన్ని మలుపుగా వాడుకోకుండా గాయపడిన మనిషితో కూర్చోవడం విమర్శ చేయాల్సిన పని. ఈ పిల్లలు దాన్ని చేశారు. పర్ణశాలలో మనం చేయని పని అదే.

అయితే ఇదంతా మనకు కొత్తా? కాదు. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపాడు, జాషువా ఆ పద్ధతి తీసుకున్నాడు. గుడిలోకి రానివ్వని మనిషికి గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలమే దూత. అదీ తిరిగి రాయడమంటే. త్రిపురనేని రామస్వామి 1920లో ‘శంబుక వధ’ నాటకం రాసి, చచ్చినవాడి పక్షం నుంచి రాముణ్ని నిలదీశాడు. దాని ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అది శూద్ర కులాల ఆత్మగౌరవం నుంచి వచ్చిన నాటకం. వాడ నుంచి చూసే శంబుకుడు ఇంకా వేరుగా ఉంటాడు. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. శూర్పణఖ అక్కడ తోట పెంచుకుంటూ నిబ్బరంగా బతుకుతుంది. అయినా ఆమెను మనం చూసేది సీత కళ్లతోనే. సీత నేర్చుకోవాల్సిన పాఠంగానే ఆమె ఉంది.

కర్ణుడి సంగతి ఇంకా వింత. 1977లో ఎన్టీ రామారావు తీసిన ‘దాన వీర శూర కర్ణ’కు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. కులం పేరుతో అవమానించిన సభను నిలదీసే ఘట్టానికి మనోళ్లు కూడా ఈలలు వేశారు. అయితే కర్ణుడు పుట్టుకతో క్షత్రియుడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అవమానం తప్పు అన్నది పక్కకు పోయి, ఆ మనిషిని అవమానించడం తప్పు అన్నది మిగిలింది. నిజంగా సూతుడే అయితే ఆ సభ చేసింది న్యాయమేనా? మొదటి దారిలో రాసే అభిమానులకూ మేం ఇదే ప్రశ్న వేస్తున్నాం.

వీటన్నిటికంటే ముందున్నది చిందోళ్ల జాంబపురాణం. మాదిగల దగ్గర చిందు కళాకారులు ఆడే ఆ కథలో జాంబవంతుడు రాముడికి సాయం చేసిన ముసలి ఎలుగుబంటి కాదు. భూమి కంటే ముందు పుట్టిన మూలపురుషుడు. చిందుల ఎల్లమ్మ, 2024లో పద్మశ్రీ ప్రకటించిన గడ్డం సమ్మయ్య లాంటివాళ్లు నిలబెట్టిన కళ ఇది. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాడికీ చిందు కళాకారుడికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. అభిమాని, కథ కంపెనీదని ఒప్పుకొని, ప్రేమతో అందులో కాస్త చోటు అడుగుతాడు. చిందు కళాకారుడు కథ మాదే, మీరే తర్వాత వచ్చారు అంటాడు. ఇంకో తేడా కూడా ఉంది. ఓర్జమార్ స్మృతులు గేము ఆపేస్తే ఆగిపోతాయి. శంబుకుడి తల నరికిన కథ వేల ఏళ్లు శాసనంగా నడిచింది. అందుకే అభిమాని ప్రేమ ఒక్కటే మనకు సరిపోదు.

ఇక్కడ మాకు మేమే ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. పినపాక అడవి అంచున కూర్చొని శూర్పణఖ కోయ ఆడబిడ్డ అని రాసేయడం సులువు. కోయలు దళితులు కారు. వాళ్ల చరిత్ర వేరు, వాళ్ల దేవతలు వేరు. వాళ్లు రామాయణంలో పాత్ర కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. సమ్మక్క సారలమ్మల కథ వాళ్ల దగ్గర ఉంది. పినపాక పక్కనే మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య ఆ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయాడు. అట్లాంటి మనిషి పోయినప్పుడు ఆయన గొంతులో ఉన్నదాన్లో రాసిపెట్టనిదంతా ఆయనతోనే పోతుంది. ఓర్జమార్ లేఖకులు కులం లేనివాళ్ల పేర్లు రాయలేదని చదివి బాధపడుతున్నాం సరే, మన వాడల్లో, గూడేల్లో ముసలోళ్లు చెప్పేది మనం రాస్తున్నామా? రాయకపోతే మనమూ ఆ లేఖకులమే.

కాబట్టి పిల్లల చేతిలో ఫోన్ లాక్కునే ముందు టీచర్లు ఒక్క పని చేయాలని కోరుతున్నాం. ‘నువ్వు ఆడే కథలో మధ్యలో మాయమైపోయిన మనిషి ఎవరు? ఆ మనిషి కథ నువ్వు రాయి’ అని అడగండి. రాసిన పిల్లను మర్నాడు ఇంట్లో అవ్వ దగ్గరికి పంపండి, ఈసారి అవ్వ కథ రాసుకురమ్మనండి. మొదటి పని విమర్శ నేర్పుతుంది, రెండోది చరిత్రను నిలబెడుతుంది. మొదటిదానితోనే ఆగిపోతే ఇతరుల కథల్లో మంచి పాత్రల కోసం దేబిరించేవాళ్లుగా మిగులుతాం. రెండోదే చాలనుకుంటే ఇతరుల కథలు మన పిల్లల మీద ఏం ముద్రలు వేస్తున్నాయో తెలియకుండా పోతుంది.

రీకాకు ఆడపిల్ల పుట్టిన కథ మాకింకా దొరకలేదు. పర్ణశాల తర్వాతి శూర్పణఖ కథ కూడా ఆమె నోటి నుంచి రావాల్సే ఉంది. ఈ అభిప్రాయాలతో విభేదించేవాళ్లు, ముఖ్యంగా కోయ విద్యార్థులు, రాస్తే చర్చ ముందుకు పోతుంది.