‘అడ్డొచ్చిన’ స్త్రీ

భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చే బస్సులో ఎవరో చదివి వదిలేసిన జిల్లా పేజీలు తిరగేయడం నాకు చాలాకాలంగా అలవాటు. మొదటి పేజీ నాయకులది, మధ్య పేజీలు శ్రద్ధాంజలి ప్రకటనలవి. వాటి మధ్య ఒక మూల ఈ వార్త ఉంటుంది: చోరీకి వచ్చిన దుండగులు, అడ్డొచ్చిన మహిళను హతమార్చి, నగలతో ఉడాయించారు. ఊరి పేరు మారుతుంది, ఆమె వయసు మారుతుంది, తులాల లెక్క మారుతుంది. వాక్యం మాత్రం ఏళ్ళుగా అదే.

నేనీ వాక్యాన్ని ఒక కవితా పాదాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలనుకుంటున్నాను. ఎందుకంటే, దొంగతనానికి వచ్చినవాడు హంతకుడు ఎందుకవుతాడు అన్న ప్రశ్నకు మన సమాజం ఇచ్చుకున్న జవాబంతా ఇందులోనే ఉంది.

ఇల్లు ఆమెది. ఆమె అక్కడే ఉంది, బియ్యం ఏరుకుంటూనో, మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తూనో. వచ్చింది వాళ్ళు. అయినా అడ్డొచ్చింది మాత్రం ఆమె! తన ఇంట్లో తాను ఉన్నందుకే ఆమె అడ్డం అయిపోయింది. కొన్నిసార్లు ‘అడ్డొచ్చిన’కు బదులు ‘ప్రతిఘటించడంతో’ అనో, ‘కేకలు వేయడంతో’ అనో రాస్తారు. ఆ ‘తో’ని గమనించండి. తెలుగులో అది కారణం చెప్పే ప్రత్యయం. వాన పడడంతో పంట పండింది, కేకలు వేయడంతో చంపారు. చంపినవాడి పనికి కారణం చనిపోయినామె గొంతులో దొరికింది. రాసిన విలేకరి దుర్మార్గుడేమీ కాదు, పోలీసులు చెప్పింది రాశాడు. పోలీసులు నిందితుడు చెప్పింది రాసుకున్నారు. అంటే వార్తగా మనకు చేరేది హంతకుడి కథనమే. ఆమె కథనం చెప్పడానికి ఆమె లేదు.

మరి బతికి బయటపడిన స్త్రీలేం చెబుతారు? మా పెద్దమ్మ సంగతి చెబుతాను. పాల్వంచ దగ్గర ఒక పల్లెలో ఒక్కతే ఉండేది. పెదనాన్న పోయాడు, పిల్లలు ఉద్యోగాల కోసం తలో వూరూ పోయారు. ఒక వేసవి రాత్రి పెంకులు తీసి ఎవరో దిగారు. మిరపకాయలమ్మిన డబ్బు ట్రంకుపెట్టెలో ఉన్న రోజులవి. వాడు పెట్టె మూత లేపుతూ చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు తెలుసు. పొద్దుటే తమ కళ్ళంలో బస్తాలు మోసిన కుర్రాడిది. ఆమె కళ్ళు తెరవలేదు. నిద్రపోయే మనిషి ఊపిరి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని అలా ఊపిరి తీసిందట. వాడి చెయ్యి మెడ దగ్గరకొచ్చేసరికి, నిద్రలో మసిలినట్టు ఒత్తిగిల్లింది. నానుతాడు కొక్కెం పైకొచ్చేలా. ‘వాడి పని వాడు తొందరగా చేసుకుపోవాల గదనే’ అంది నాతో, ఇరవై ఏళ్ళ తర్వాత. పోలీసులకు ఏం చెప్పావంటే, ‘చీకట్లో ఏం కనబడలేదన్నా’ అంది.

ఆ ఒక్క దగ్గు గురించి ఆలోచిస్తే నాకు మొత్తం విషయం అర్థమైనట్టనిపిస్తుంది. ఆమె ‘ఏరా, నువ్వా!’ అని ఉంటే? దొంగతనం ఆ క్షణాన హత్య అయి ఉండేది. ఆమె వాడిని కొట్టగలదని కాదు, వాడి పేరు ఆమె నోట్లో ఉందని. గుర్తుపట్టకపోతే దొంగ పారిపోవచ్చు. గుర్తుపడితే పారిపోవడానికి ఊరు లేదు. రేపు అదే వీధిలో నడవాలి, అదే కళ్ళంలో కూలి అడగాలి. కత్తీ, తాగిన మత్తూ, కంగారూ అన్నీ ఉంటాయి, కాదనను. కానీ వాటన్నిటికీ పని కల్పించేది చాలాసార్లు ఈ ‘నువ్వా’ అన్న మాటే.

ఇది మన పల్లెల సంగతే కాదు. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2003 నుంచి 2007 దాకా అక్కడ జరిగిన ఇళ్ళ దొంగతనాల మీద 2010లో ఒక నివేదిక ఇచ్చింది. నూటికి 28 దొంగతనాల్లో ఇంట్లో ఎవరో ఒకరున్నారు. మొత్తం దొంగతనాల్లో హింస జరిగినవి నూటికి 7. ఆ హింస జరిగిన వాటిలో 65 శాతం కేసుల్లో వచ్చినవాడు ఇంటివాళ్ళకు తెలిసినవాడే, ముక్కూమొహం తెలియనివాడు 28 శాతం మాత్రమే. తెలిసినవాళ్ళలో భర్తలు, మాజీ భర్తలు, ప్రేమికులూ ఉన్నారు. ఇది హత్యల లెక్క కాదు, అక్కడి లెక్క ఇక్కడికి అతికించలేం కూడా. అయినా దొంగ అంటే అపరిచితుడు అన్న మన ఊహ ఎంత పెళుసుదో చెప్పడానికి అది చాలు.

ఆ ఊహ ఈ అడవి సరిహద్దులో మరీ బలంగా ఉంటుంది. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు గుంపులుగా చర్ల, దుమ్ముగూడెం చేలకు వస్తారు. చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని ఉంటారు. కోతల కాలమంటే ఇళ్ళలో డబ్బుండే కాలం కూడా. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు చూపు ఆ పట్టాల గుడిసెల మీదికే పోతుంది. దొంగ అడవిలోంచి రావాలి, వేరే భాష మాట్లాడాలి, మనవాడు కాకూడదు! పెద్దమ్మ నోరు విప్పనందుకు ఆ ఏడాది ఏ కూలివాడి వీపు పగిలిందో నాకు తెలియదు. ఆమె మౌనాన్ని మెచ్చుకుంటున్నప్పుడల్లా ఈ ఆలోచన ముల్లులా గుచ్చుతుంది.

ఇంకో విషయం ఉంది. మన దగ్గర బీరువా కన్నా ముందు స్త్రీ ఒళ్ళే లాకరు. పుస్తెలతాడు, నానుతాడు, కమ్మలు, గాజులు, ముసలివాళ్ళకైతే కాళ్ళ కడియాలు. ఇంట్లోని టీవీ ఎత్తుకుపోవడానికి మనిషిని ముట్టుకోనక్కర్లేదు. మెడలోది తీసుకోవాలంటే మెడ పట్టుకోవాలి. అంటే హింస ఆ దొంగతనంలోనే ఇమిడి ఉంది, తర్వాత వచ్చి చేరింది కాదు. పైగా పుస్తెలు వట్టి బంగారం కాదని మనకు పుట్టినప్పటి నుంచీ నూరిపోశారు. భర్త బతికుండగా అవి మెడలోంచి తీయకూడదు. ప్రాణం మీదికొచ్చినా చెయ్యి ముందు పుస్తెల మీదికే పోయేలా ఆడపిల్లను పెంచి, ఆ చెయ్యి అక్కడికి పోయినందుకు ‘ప్రతిఘటించడంతో’ అని రాయడం... ఆ వాక్యంలో దొంగ కన్నా ముందు పితృస్వామ్యం కనబడుతుంది నాకు.

చట్టం కూడా ఈ ఇంటిని సరిగ్గా చూడలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఇంట్లో జొరబడడాన్ని పగలు, రాత్రి అని విడదీసి, దొంగతనం కోసం రాత్రి దూరితే పద్నాలుగేళ్ళ దాకా, పగలైతే పదేళ్ళ దాకా శిక్ష పెట్టింది. రాత్రంటే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా. ఆ రాసినవాళ్ళ మనసులో ఉన్నది రాత్రి నిద్రపోయే ఇంటి యజమాని. పగలు మగవాళ్ళు పనికీ, పిల్లలు బడికీ పోయాక ఒంటరిగా మిగిలే ఇల్లాలు వాళ్ళకు తట్టలేదు. గొలుసు లాక్కోవడమైతే 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా దేశమంతటికీ వర్తించే ప్రత్యేక నేరంగా లేనే లేదు. ఇక పోలీసు లెక్కల్లో ఈ చావులన్నీ ‘లాభం కోసం హత్యలు’ అన్న గడిలో పడతాయి. లాభమట!

పగటి ఒంటరితనాన్ని చట్టం కన్నా ముందు కనిపెట్టింది దండుపాళ్యం ముఠా. బెంగళూరు శివార్లలో పుట్టిన ఆ ముఠాలో ఆడవాళ్ళూ ఉన్నారు. 1990లలో వాళ్ళ పద్ధతి, తలుపు తట్టి మంచినీళ్ళడగడం. దాహమన్నవాళ్ళకు నీళ్ళు లేవనకూడదని నేర్చుకున్న ఇల్లాలు లోపలికి తిరుగుతుంది. అంతే. ఈ కథను శ్రీనివాసరాజు కన్నడంలో 2012లో సినిమా తీస్తే, తెలుగులో ‘దండుపాళ్యం’గా మన ఊళ్ళలోనూ ఆడింది. నేను అది పూర్తిగా చూడడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అందులో తెగే గొంతు శబ్దం మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఆ గొంతు గల మనిషి మీద పెట్టలేదు. చనిపోయే స్త్రీలకు తలుపు తీయడం తప్ప సినిమాలో వేరే పని లేదు, వాళ్ళూ ‘అడ్డొచ్చిన’వాళ్ళే. చంపేవాళ్ళు ఎందుకు చంపుతారంటే, వాళ్ళ రక్తంలో ఉంది కాబట్టి అన్నట్టు తీశారు. పూజా గాంధీ నటనను మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు మాత్రం 1871 నాటి నేరస్థ తెగల చట్టం తెరమీద బీడీ కాలుస్తున్నట్టనిపించింది.

రక్తంలో నేరముందన్న ఆ చట్టం కిందే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది, 1910లలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టిపడేయడానికి. ఉప్పూ ధాన్యమూ మోసుకుని ఊరూరా తిరిగే వాళ్ళ వర్తకాన్ని వలసపాలన ఎలా దెబ్బతీసిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాసింది. చట్టం 1952లో రద్దయింది కానీ ఊరి పేరు ఒక తిట్టుగా మిగిలింది. 1970లలో జాషువా కూతురు హేమలతా లవణం అక్కడికి వెళ్ళి చేసిన పని వేరు. దొంగలనబడే మగవాళ్ళతో పాటు, వాళ్ళు జైల్లో ఉంటే ఇల్లు నడిపే ఆడవాళ్ళనూ మనుషులుగా చూసి మాట్లాడింది. 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’లో రేణూ దేశాయ్ ఆమె పాత్ర వేసింది. అంతటి మనిషి మగ దొంగ వీరగాథకు ఒక సాక్షి సంతకంగా మిగిలిపోయింది. అక్కడ దొంగ దేవుడు, దండుపాళ్యంలో దొంగ దయ్యం. పొద్దున కూలికొచ్చి రాత్రి పెంకులు తీసే మామూలు కుర్రాడు ఏ సినిమాలోనూ లేడు. అప్పు, తాగుడు, పని లేని వేసవి... వాటి గురించి ఎవరికి కావాలి?

ఈ సరిహద్దులో కూర్చుని రాస్తూ మరో రకం ఇంటి దోపిడీ గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. 2005లో అవతల దంతెవాడలో సల్వాజుడుం మొదలయ్యాక, వేలమంది కోయలు, మురియాలు అడవి దాటి ఇటు చర్ల, చింతూరు, కూనవరం వైపు వచ్చారు. వాళ్ళు చెప్పుకున్నవి ఏమిటి? ఇంట్లో జొరబడ్డారు, ధాన్యం పట్టుకుపోయారు, కోళ్ళను, మేకలను కోసుకు తిన్నారు, దాచుకున్న డబ్బు తీసుకున్నారు, అడ్డొచ్చినవాళ్ళను కొట్టారు, చంపారు, ఇల్లు తగలబెట్టారు. ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి ఇల్లు దోచి మనిషిని చంపితే దాన్ని హత్యతో కూడిన బందిపోటు దోపిడీ అంటుంది చట్టం. ఇక్కడ మాత్రం ‘ఆపరేషన్’ అన్నారు.

2011 మార్చిలో మోర్‌పల్లి, తాడ్‌మెట్ల, తిమ్మాపురం ఊళ్ళలో వందల ఇళ్ళు కాలాయి. మనుషులు చనిపోయారు, స్త్రీలు తమపై అత్యాచారం జరిగిందని చెప్పారు. మావోయిస్టులే తగలబెట్టారన్నారు పోలీసులు. ఆ ఏడాది జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ధర్మాసనం, నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టుకోవడం రాజ్యాంగ విరుద్ధమంది, ఆ దహనాల మీద సీబీఐ విచారణ వేసింది. తాడ్‌మెట్ల ఇళ్ళు తగలబెట్టింది భద్రతా బలగాల వైపువాళ్ళేనని 2016లో సీబీఐ కోర్టుకు చెప్పింది.

ఆ ప్రత్యేక పోలీసుల్లో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఎవరింట్లో గాదె ఎక్కడుందో, ఎవరి దగ్గర మేకలున్నాయో వాళ్ళకు తెలుసు. స్త్రీలు వాళ్ళను పేర్లతో గుర్తుపట్టారు. మళ్ళీ అదే ‘నువ్వా’! కాకపోతే ఇక్కడ గుర్తుపట్టబడినవాడు ఊరు విడిచి పోనక్కర్లేదు, గుర్తుపట్టిన ఆమే పోవాలి. ఆమె గోదావరి లోయలోకి వచ్చి అడవిలో గుడిసె వేసుకుంటే, అది ఆక్రమణ అని అటవీ అధికారులు పలుమార్లు పీకేశారు. చట్టం దృష్టిలో ఇల్లే కానిదాన్ని దోచుకోవడం దొంగతనం ఎలా అవుతుంది? జిల్లా పేజీలో ఆ గుడిసెలకు ‘నివాసం’ అన్న మాట కూడా అరుదుగానే దొరికేది.

వీటినీ పెద్దమ్మ నానుతాడునూ ఒకే గాటన కట్టడం లేదు. తుపాకీ వెనక ప్రభుత్వం ఉండడానికీ, దగ్గు వెనక ఆకలి ఉండడానికీ చాలా తేడా ఉంది. నేను చూస్తున్నది చనిపోయిన, లేదా చావు తప్పించుకున్న స్త్రీ వాక్యంలో ఎక్కడుందన్నదే. రెండుచోట్లా ఆమెకు తెలిసిన సంగతే ఆమెకు ప్రమాదం. రెండుచోట్లా ఆమె చెప్పకుండా ఉంటేనే మిగతావాళ్ళ కథ సాఫీగా సాగుతుంది.

పెద్దమ్మను ఈమధ్య మళ్ళీ అడిగాను, ఆ కుర్రాడు తర్వాత కనబడ్డాడా అని. కనబడకేం, ఊళ్ళోవాడేగా అంది. వాళ్ళ మనవడి ఓణీల... కాదు, పంచెల ఫంక్షనుకు గాడిపొయ్యి తవ్వడానికి వచ్చాడట. ఎండకు సొమ్మసిల్లి, ‘పెద్దమ్మా, కాసిని మంచినీళ్ళియ్యి’ అన్నాడట. ఇచ్చింది. వాడు చెంబెత్తి తాగుతుంటే దగ్గొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

‘వాడికి తెలుసో తెలవదో నాకు ఇప్పటికీ తెలవదే’ అంది.

పిల్లలు వచ్చినప్పుడల్లా రాత్రిళ్ళు వరండాలో లైటు వేసుకుని పడుకోమని పోరతారు. దొంగల భయం ఉండదంటారు. వాళ్ళు నిద్రపోయాక ఆమె లేచి ఆర్పేస్తుంది.

‘వెలుగుంటే మొహం కనబడుద్ది గదనే’ అంది.