చెవితో ఆడే క్రికెట్

బౌలర్ ‘రెడీ?’ అని అడుగుతాడు. బ్యాటర్ ‘యెస్’ అంటాడు. ‘ప్లే’ అన్న కేకతోపాటే బంతి బౌలర్ చెయ్యి దాటుతుంది. అంధుల క్రికెట్‌లో ప్రతి బంతికీ ఈ మాటలు ఉండి తీరాలి. ఆ కేక చెవిన పడిన క్షణం నుంచే బంతి ఎటు నుంచి, ఎంత వేగంగా వస్తోందో బ్యాటర్ లెక్కకట్టడం మొదలుపెడతాడు. అందుకే బంతి పడేవేళ మైదానమంతా నిశ్శబ్దంగా ఉండాలి.

ఈ ఆట 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అంధులు రేకు డబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడును బట్టి ఆడుకోవడం మొదలుపెట్టారు. 1998 నాటికి అది మొదటి ప్రపంచకప్ దాకా ఎదిగింది. ఆ పోటీలకు వేదిక మన న్యూఢిల్లీయే.

ఇప్పుడు మన దేశంలో వాడే బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల బేరింగ్ గుళ్లు ఉంటాయి. గాల్లోకి లేస్తే బంతి చప్పుడు సరిగా అందదు, నేలను రాసుకుంటూ వస్తే గలగల నిలకడగా వినిపిస్తుంది. అందుకే బౌలింగ్ చెయ్యి కిందినుంచే వెయ్యాలి, బంతి పిచ్ సగం దాటకముందే నేలను తాకాలి. అంత తక్కువ ఎత్తులో వచ్చే బంతికి మోకాలు వంచి కొట్టే స్వీప్ షాటే సరైన జవాబు. ఈ ఆటలో మంచి బ్యాటర్లందరికీ అదే ప్రధాన ఆయుధం. స్టంప్స్ లోహంతో చేసినవి. బంతి తగిలితే ఆ చప్పుడే ఔటైన సంగతి చెబుతుంది.

జట్టు కూర్పు ఈ ఆటకు ప్రాణం. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేని బి1 వర్గం వారు కావాలి. మిగతావారు కొద్దిపాటి చూపున్న బి2, బి3 వర్గాల వారు. మామూలు కళ్లు 60 మీటర్ల నుంచి చూడగలిగేదాన్ని 6 మీటర్ల దగ్గరికొచ్చి చూడగలగడమే బి3కి పైహద్దు. బి1 బ్యాటర్ తీసే ప్రతి పరుగూ రెండుగా లెక్క, అంటే ఫోర్ కొడితే ఎనిమిది. అతని తరఫున పరిగెత్తడానికి రన్నర్ ఉంటాడు. బి1 ఫీల్డర్ ఒకసారి నేలను తాకి లేచిన బంతిని పట్టినా క్యాచే. ఇందులో జాలికి చోటు లేదు. చూపు అసలే లేని ఆటగాడు జట్టుకు భారం కాకుండా, అతను లేనిదే జట్టు గెలవలేనట్టుగా నియమాలను అల్లారు.

వికెట్ల వెనక కీపర్ మాటతో, చప్పట్లతో దిక్కు చెబుతుంటాడు. ఫీల్డర్ బంతి చప్పుడును బట్టి పక్కకు దూకుతాడు, కీపర్ గొంతును గురిచూసి విసురుతాడు. తెలియని జాగాలో పరిగెత్తాలంటే చూపు లేని పిల్లలు జంకుతారు. శబ్దాన్ని బట్టి దూరాన్ని, దిక్కును పోల్చుకునే ఈ సాధన ఆ జంకును పోగొడుతుంది. మైదానంలో అబ్బిన ఆ నేర్పు రోడ్డు దాటేటప్పుడూ అక్కరకొస్తుంది.

ఈ ఆటలో మన తెలుగువాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి సారథ్యంలో భారత్ 2018 ప్రపంచకప్ గెలిచింది. 2023 సంవత్సరానికి ఆయన అర్జున అవార్డు అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో నేపాల్‌ను ఓడించి తొలి అంధ మహిళల టీ20 ప్రపంచకప్ అందుకున్న జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది.

కరుణ లాంటి పిల్లలు మన ఊళ్ల బడుల్లోనూ ఉన్నారు. కానీ ఆటల పీరియడ్‌లో చాలాచోట్ల వాళ్లకు దక్కేది చెట్టు కింద కూర్చునే పనే. ఆటపాటల్లో వికలాంగ విద్యార్థులకు మిగతావారితో సమాన అవకాశం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బడులకు స్పష్టంగా చెబుతోంది. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఫుట్‌బాల్‌కు పాలిథిన్ కవరు చుడితే గరగరమని చప్పుడొస్తుంది. చిన్న తాడు ముక్కను ఇద్దరూ చెరో కొస పట్టుకుంటే చూపున్న స్నేహితుడితో కలిసి పరుగు తీయొచ్చు. గీత వెంట దారం పరిచి పైన టేపు అంటిస్తే హద్దు వేళ్లకే తెలుస్తుంది. అంధులు ఆడే గోల్‌బాల్ కోర్టుల్లో చేసేది ఇదే. ఒక్కోసారి నియమాన్ని కాస్త సడలించినా చాలు. వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలను తాకే దాకా ఆగొచ్చు. ఆ ఒక్క సడలింపుతోనే ఆట నడుస్తోంది.

ఏ నియమం మారిస్తే చెట్టు కింద కూర్చున్న పిల్ల కూడా జట్టులోకి వస్తుందో ఆలోచించడం ప్రతి డ్రిల్లు మాస్టారి పని. ఆ పని ఎలా చెయ్యాలో అంధుల క్రికెట్ నూరేళ్లుగా చేసి చూపిస్తూనే ఉంది.